కంటైనర్లకు జీరో ట్రస్ట్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి: మ్యాప్ గీయడం నుంచి సంతకం దాకా

విజయవాడ, గుంటూరు, మంగళగిరి వైపు చిన్న ఐటీ టీముల నుంచి నాకు తరచూ ఒకే ప్రశ్న వస్తోంది. "కుబర్నెటిస్‌కి మారామండీ. క్లయింటు జీరో ట్రస్ట్ ఉందా అని అడుగుతున్నాడు. ఏది కొనమంటారు?" (కంటైనర్ అంటే ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన పెట్టె. వాటిని చాలా మెషీన్ల మీద నడిపించేది కుబర్నెటిస్. ఆ మెషీన్ల గుంపు క్లస్టర్, ఒక్కో మెషీన్ నోడ్.) అందరూ ఒక పేరు చెప్పమంటారు. పేరు చెప్పడం తేలికే. కానీ మన క్లస్టర్‌లో ఏ సర్వీసు దేనితో మాట్లాడాలో మనకే తెలియనప్పుడు ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా అది కాపలా కాయలేదు. అందుకే ఇక్కడ కొనడం చివర్లో వస్తుంది.

జీరో ట్రస్ట్ అంటే, లోపలి నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన ఎవరినీ నమ్మకపోవడం. ప్రతి రిక్వెస్టుకీ అడిగేది ఎవరు, ఆ పనికి అనుమతి ఉందా అని చూడాలి. కుబర్నెటిస్ డిఫాల్ట్‌గా ఇందుకు సరిగ్గా ఎదురు. పాలసీ ఏదీ పెట్టకపోతే ఏ పాడ్ (కంటైనర్లు నడిచే అతి చిన్న యూనిట్) అయినా ఏ పాడ్‌తోనైనా మాట్లాడొచ్చు.

ఉదాహరణగా మా సెటప్పే తీసుకుంటాను. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు స్టాకు సాఫ్ట్‌వేర్ నడుపుతాం. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించగానే నమోదు, బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు), ఎస్సెమ్మెస్, ఆ తర్వాత అద్దె బిల్లు. 11 సర్వీసులు, 3 నోడ్లు, నలుగురం మనుషులం.

## 1. ముందు మ్యాప్ గీయండి

వెండర్‌కి ఫోన్ చేసే ముందు ఒక షీటు తెరవండి. ఒక్కో దారికి ఒక్కో వరుస. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టు, ఎందుకు, ఎవరిని అడగాలి అని ఐదు కాలమ్‌లు. చివరి కాలమ్ వదిలేయకండి. ఈ దారి మూసేయొచ్చా అన్న సందేహం వచ్చిన రోజు జవాబు చెప్పగల మనిషి పేరు అక్కడ ఉండాలి.

మేం నలుగురం కూర్చుని గుర్తున్నవన్నీ రాస్తే 19 వరుసలు వచ్చాయి. వారం రోజులు ట్రాఫిక్ రికార్డు చేసి చూస్తే 31 తేలాయి. రిపోర్టుల సర్వీసు నేరుగా బాండ్ల డేటాబేస్‌లోకి వెళ్తోంది. ఎప్పుడో సీజన్ హడావుడిలో ఇచ్చిన పాస్‌వర్డ్ అది, ఎవరూ వెనక్కి తీసుకోలేదు. టెస్టింగ్ కోసం పెట్టిన పాడ్ ఒకటి అసలు ఎస్సెమ్మెస్ గేట్‌వేకే తగిలించి ఉంది. మాకు బయటివాళ్ల దాడికన్నా ఈ రెండూ ఎక్కువ భయం కలిగించాయి.

రికార్డు చేయడానికి, సీలియం (ఒక నెట్‌వర్క్ ప్లగిన్) వాడుతుంటే దాని హబుల్ చాలు. క్లౌడ్ వీపీసీ ఫ్లో లాగుల (క్లౌడ్ నెట్‌వర్క్ ట్రాఫిక్ రికార్డుల) మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. వాటిలో చాలాచోట్ల పాడ్ పేర్లు ఉండవు, ఐపీలే ఉంటాయి. ఒకే నోడ్‌లోని రెండు పాడ్ల మధ్య ట్రాఫిక్ వాటిలో సాధారణంగా కనబడదు.

వారం రికార్డులో నెలాఖరు పనులు దొరకవు. అద్దె బిల్లులు, బ్యాంకులకు పంపే లెక్కలు, సీజన్ ముగిశాక నడిచే జాబులు ఏమున్నాయో అకౌంట్స్ వాళ్లని అడిగి రాసుకోండి.

ఈ దశ అయిందనడానికి గుర్తులు:

- ప్రతి వరుసకీ కారణం, మనిషి పేరు ఉన్నాయి
- క్లస్టర్ నుంచి బయటకి వెళ్లే దారులు విడిగా రాసి ఉన్నాయి
- కారణం దొరకని వరుసలు ఎర్ర రంగులో ఉన్నాయి

## 2. క్లస్టర్ ఏ స్థితిలో ఉందో చూడండి

ఇది ఒక్క పూట పని. కానీ ఇక్కడ బయటపడే విషయాలతోనే సగం సాఫ్ట్‌వేర్లు జాబితాలోంచి పోతాయి.

నెట్‌వర్క్ ప్లగిన్ (పాడ్ల మధ్య నెట్‌వర్క్ నడిపే భాగం). ఫ్లానెల్ ఒక్కటే వాడుతుంటే నెట్‌వర్క్ పాలసీలు (ఏ పాడ్ దేనితో మాట్లాడొచ్చో చెప్పే రూల్స్) అమలు కావు. మోసం ఎక్కడంటే, పాలసీ ఫైలు పెడితే కుబర్నెటిస్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా తీసుకుంటుంది. జాబితాలో కనబడుతుంది కూడా. ట్రాఫిక్ మాత్రం యథాప్రకారం పారుతూనే ఉంటుంది. రెండు పాడ్లు లేపి, అన్నీ మూసే పాలసీ పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి కనెక్ట్ అయి చూడండి. కనెక్ట్ అయితే ముందు క్యాలికోకో సీలియంకో మారే ప్లాన్ వేసుకోండి.

నోడ్లు ఎవరి చేతిలో ఉన్నాయి. రన్‌టైమ్ కాపలా (కంటైనర్ నడుస్తుండగా గమనించే) సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం ప్రతి నోడ్ మీదా ఒక ఏజెంట్ పెడతాయి. నోడ్లు అమెజానే చూసుకునే ఏడబ్ల్యూఎస్ ఫార్గేట్‌లో డెమన్‌సెట్ (ప్రతి నోడ్ మీదా ఒక పాడ్ నడిపే ఏర్పాటు) నడవదు కాబట్టి అక్కడ ఈ పద్ధతి కుదరదు. గూగుల్ వాళ్ల ఆటోపైలట్‌లోనూ ఎక్కువ అధికారం అడిగే ఏజెంట్లకి పరిమితులున్నాయి. వెండర్ "సపోర్టు ఉంది" అంటే ఏ ఫీచర్లు తగ్గుతాయో రాసివ్వమనండి.

సీక్రెట్లు (పాస్‌వర్డ్లు, కీలు). మీరే నడిపే క్లస్టర్ అయితే ఎట్‌సీడీలో (కుబర్నెటిస్ తన డేటా దాచే చోటు) సీక్రెట్లు డిఫాల్ట్‌గా ఎన్‌క్రిప్ట్ అయి ఉండవు. బేస్64 రూపం తాళం కాదు, ఎవరైనా క్షణంలో విప్పుతారు.

టోకెన్లు. ఏపీఐ సర్వర్‌తో (క్లస్టర్‌కి ఆదేశాలు అందుకునే భాగం) పనిలేని పాడ్‌లో కూడా సర్వీస్ అకౌంట్ టోకెన్ (ఆ సర్వర్‌కి చూపించే గుర్తింపు) తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. అవసరం లేనిచోట ఆ ఆటోమౌంట్ ఆపేయండి.

పాడ్ సెక్యూరిటీ (ప్రమాదకర సెట్టింగులున్న పాడ్‌లని పట్టుకునే తనిఖీ). కుబర్నెటిస్ 1.25 నుంచి ఇది స్థిరంగా లోపలే ఉంది, పైసా ఖర్చు లేదు. నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఒక విభాగం) మీద లేబుల్ పెట్టి ముందు హెచ్చరిక మోడ్‌లో "రెస్ట్రిక్టెడ్" స్థాయి పెట్టండి. రూట్‌గా (పూర్తి అధికారంతో) నడుస్తున్న కంటైనర్లన్నీ బయటపడతాయి. వాటిని సరిచేయకుండా డబ్బు పెట్టి కొనేదేదీ పెద్దగా ఉపయోగపడదు.

## 3. మీకు ఏ పని కావాలో తేల్చుకోండి

జీరో ట్రస్ట్ అన్న ఒక్క లేబుల్ కింద అమ్మేవి నిజానికి ఆరు వేర్వేరు పనులు. ఏ డబ్బాలో ఏ పని ఉందో తెలియకపోతే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కడతాం.

సర్వీసుల గుర్తింపు. గుంటూరులో బ్రాడీపేట 4వ లైను, 14వ అడ్డరోడ్డు అంటే ఇల్లు దొరుకుతుంది. ఆ ఇంట్లో గంటకో అద్దెకున్నవాళ్లు మారుతుంటే అడ్రసు చూసి మనిషిని నమ్మలేం. పాడ్ ఐపీ అలాంటి అడ్రసే. అందుకే ప్రతి సర్వీసుకీ తక్కువ కాలం చెల్లే సర్టిఫికెట్ ఇచ్చి, రెండువైపులా ఒకరి సర్టిఫికెట్ ఒకరు చూసుకునే ఎంటీఎల్‌ఎస్ కనెక్షన్ నడపాలి. సర్వీస్ మెష్‌లు (సర్వీసుల మధ్య ట్రాఫిక్ తమ ద్వారా నడిపే సాఫ్ట్‌వేర్లు) అయిన ఇస్టియో, లింకర్‌డీ ఈ పని చేస్తాయి. స్పిఫీ అనేది ఈ గుర్తింపుకు ప్రమాణం, స్పైర్ దాన్ని అమలుచేసే సాఫ్ట్‌వేర్.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఎంటీఎల్‌ఎస్ ఆన్ అయితే అవతల ఉన్నది ఎవరో తెలుస్తుంది, అంతే. ఆ సర్వీసుకి ఈ పని చేసే హక్కుందా అన్నది ఆథరైజేషన్ పాలసీలో విడిగా రాయాలి. రాయకపోతే సర్టిఫికెట్ ఉన్న ఎవరైనా ఎక్కడికైనా వెళ్తారు. రిపోర్టుల సర్వీసు దర్జాగా తన సర్టిఫికెట్ చూపించి బాండు రద్దు చేయగలదు.

దారుల విభజన. క్యాలికో, సీలియం. మొదటి దశలో గీసిన మ్యాప్ ఇక్కడ నేరుగా పాలసీగా మారుతుంది.

గేటు దగ్గర తనిఖీ. తప్పుడు సెట్టింగులతో వచ్చే పాడ్‌ని లోపలికే రానివ్వకపోవడం. కైవెర్నో, ఓపీఏ గేట్‌కీపర్. కొత్తవాళ్లకి కైవెర్నో తేలిక, ఎందుకంటే రూల్స్ మనకు అలవాటైన యామిల్‌లోనే (సెట్టింగులు రాసే ఫైలు ఫార్మాట్) ఉంటాయి.

ఇమేజీలు (కంటైనర్ లేచేది ఏ ప్యాకేజీ నుంచో అవి). స్కానింగ్‌కి ట్రివీ, సంతకానికి కోసైన్. సీఐలో (కోడ్‌ని తనంతట తానే బిల్డ్, టెస్టు చేసే వ్యవస్థ) పెట్టేయండి.

రన్‌టైమ్ కాపలా. నడుస్తున్న కంటైనర్‌లో వింత జరిగితే పట్టుకోవడం. ఫాల్కో గుర్తించి కబురు చెబుతుంది, తనంతట తాను ఆపదు. టెట్రాగాన్, క్యూబ్‌ఆర్మర్ ఆపగలవు. న్యూవెక్టర్‌లో నేర్చుకోవడం, గమనించడం, ఆపడం అని మూడు మోడ్‌లున్నాయి.

మనుషుల ప్రవేశం. దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. "ఆఫీసు ఐపీ నుంచి వస్తే చాలు" అన్న రూలు జీరో ట్రస్ట్‌కి పూర్తి విరుద్ధం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి మునిగినప్పుడు ఆ రూలు ఎంత పనికిరానిదో మాకు తెలిసొచ్చింది. మా వాళ్లు బంధువుల ఇళ్ల నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌తో పనిచేశారు. ఎవరినీ క్లస్టర్ లోపలికి రానివ్వలేదు. చివరికి కంగారులో అందరికీ తెరిచేశాం, అది ఇంకా పెద్ద తప్పు. మనిషికో ఐడీ, రెండో ఫ్యాక్టర్, కొన్ని గంటల్లో ముగిసిపోయే అనుమతి ఉండాలి. అత్యవసరానికి ఒక్క అకౌంట్ సీలు వేసి ఉంచి, అది వాడగానే అందరికీ కబురు వెళ్లేలా పెట్టండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పది పదిహేను సర్వీసులు, ముగ్గురు నలుగురు మనుషులు ఉన్న టీము మొదటి రోజే సర్వీస్ మెష్ జోలికి వెళ్లొద్దు. పాడ్ సెక్యూరిటీ, నెట్‌వర్క్ పాలసీలు, కైవెర్నో, ఫాల్కో ఈ క్రమంలో ఉచిత సాఫ్ట్‌వేర్లతోనే చాలా దూరం వెళ్లొచ్చు. క్లస్టర్లు పెరిగినా, క్లయింటు ఆడిట్ రిపోర్టులు అడుగుతున్నా, రాత్రిపూట అలర్టు చూసే మనిషి లేకపోయినా అప్పుడు కొనడం సబబు.

## 4. వెండర్‌ని అడగాల్సినవి

డెమోలో అన్నీ పచ్చగానే ఉంటాయి. ఈ ప్రశ్నలకు మెయిల్‌లో జవాబు తీసుకోండి.

- మీ ఏజెంట్ పడిపోతే ట్రాఫిక్ ఆగుతుందా, తనిఖీ లేకుండా పారుతుందా? రెంటిలో ఏది కావాలో మేం ఎంచుకోవచ్చా?
- మీ క్లౌడ్ కన్సోల్ అందకపోతే ఉన్న పాలసీలు పనిచేస్తూనే ఉంటాయా?
- ఏజెంట్‌కి నోడ్ మీద ఏ అధికారాలు కావాలి, ఎందుకు?
- పాలసీలు మామూలు యామిల్‌గా బయటకి తీసుకుని గిట్‌లో పెట్టుకోవచ్చా?
- లాగులు (జరిగినవాటి రికార్డులు) ఏ దేశంలో దాస్తారు?
- కొత్త కుబర్నెటిస్ వెర్షన్ వచ్చాక ఎన్నాళ్లకి సపోర్టు ఇస్తారు?

లాగుల ప్రశ్న మనకి చట్టపరంగా కూడా ముఖ్యం. సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి. ఆ ఆదేశాల్లో చెప్పిన రకం సైబర్ ఘటన జరిగితే, తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. ఏడు రోజుల లాగులే ఉంచే చవక ప్లాన్ తీసుకుంటే మిగతా రోజులవి మీరే వేరేచోట దాచుకోవాలి. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు మన దగ్గర ఉన్నప్పుడు 2023 డేటా రక్షణ చట్టం కూడా మనకి సంబంధించినదే.

ధర దగ్గర నోడ్‌కా, సీపీయూకా, పాడ్‌కా అని అడగండి. మాకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు దిగే రోజుల్లో 3 నోడ్లు 8 అవుతాయి, తర్వాత మళ్లీ తగ్గుతాయి. గరిష్ఠ సంఖ్య మీద ఏడాదంతా బిల్లు వేసే కొటేషన్ మాకు వచ్చింది. సగటు మీద లెక్క వేయమని అడిగితే ఒప్పుకున్నారు. డాలర్ రేటు, 18 శాతం జీఎస్టీ కలిపి చివరి అంకె రాయించుకోండి.

## 5. మీ మీద మీరే దాడి చేసి చూడండి

షార్ట్‌లిస్టులో రెండింటికి మించి ఉంచకండి. ఒక్కోదానికి రెండు వారాలు, అసలు క్లస్టర్‌కి నకలులాంటి స్టేజింగ్‌లో. వెండర్ ఇంజినీరు లేకుండా మీ టీములో అందరికన్నా జూనియర్ చేత ఇన్‌స్టాల్ చేయించండి. ఏడాది తర్వాత దాన్ని నడిపేది వాళ్లే.

తర్వాత ఈ దాడులు వరుసగా చేయండి:

1. రిపోర్టుల పాడ్‌లోకి షెల్ తీసుకుని బాండ్ల డేటాబేస్‌కి కనెక్ట్ అవండి.
2. ప్రివిలేజ్డ్ పాడ్ (నోడ్ మీద పూర్తి అధికారం ఉన్నది) ఒకటి లేపే ప్రయత్నం చేయండి.
3. సంతకం లేని ఇమేజీ డిప్లాయ్ చేయండి.
4. పాడ్ లోపలి నుంచి క్లౌడ్ మెటాడేటా అడ్రసు 169.254.169.254కి వెళ్లండి. నోడ్ తాలూకు క్రెడెన్షియల్స్ దొరికితే దాడి చేసేవాడికి క్లస్టర్ దాటి క్లౌడ్ అకౌంట్ దాకా దారి దొరికినట్టే.
5. నడుస్తున్న కంటైనర్‌లోకి బయటి నుంచి ఒక ప్రోగ్రామ్ దించి నడపండి.
6. పాడ్‌లోని టోకెన్‌తో ఏపీఐ సర్వర్‌ని సీక్రెట్ల జాబితా అడగండి.

ఒక్కోదానికి మూడు విషయాలు రాసుకోండి: ఆగిందా, అలర్టు ఎంతసేపట్లో వచ్చింది, ఆ అలర్టు చదివి జూనియర్‌కి ఏం జరిగిందో అర్థమైందా. మేం చూసిన ఒక సాఫ్ట్‌వేర్ ఆరింటినీ పట్టుకుంది. కానీ ఒక్క దాడికి 40 అలర్టులు పంపింది. రాత్రి రెండింటికి ఆ నలభైలో అసలుది వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. దాన్ని వదిలేశాం.

వేగం కూడా కొలవండి. పెట్టక ముందు, పెట్టాక, అత్యంత నెమ్మదైన 1 శాతం రిక్వెస్టులు ఎంత సమయం తీసుకున్నాయో చూడండి. సగటు చూస్తే నొప్పి కనబడదు. ఆఖరున ఏజెంట్‌నీ వెబ్‌హుక్‌నీ (గేటు తనిఖీకి కుబర్నెటిస్ పిలిచే సర్వీసు) మీరే చంపేసి, వెండర్ మెయిల్‌లో చెప్పినట్టే జరిగిందో లేదో చూడండి.

## 6. పెట్టే క్రమం

ఈ దశలో తొందర పడితే ఏమవుతుందో నా చేతులతో చేసిందే చెబుతాను.

మార్చి నెల, శుక్రవారం సాయంత్రం. బాండ్ల నేమ్‌స్పేస్‌కి అన్నీ మూసే పాలసీ పెట్టి, షీటులో ఉన్న దారులన్నీ తెరిచాను. పావుగంట గమనించాను, అంతా బాగుంది. ఇంటికి బయల్దేరి బెంజ్ సర్కిల్ దాటేసరికి కోల్డ్ స్టోరేజీ గుమాస్తా ఫోన్. "సార్, టిక్కీలు దించి గంటయింది, బాండు రావట్లేదు. రైతులు గేటు కాడే కూర్చున్నారు." పొద్దున్నే ఆ బాండు పట్టుకుని బ్యాంకులో లోనుకు వెళ్లాల్సినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

పక్కకి ఆపి ల్యాప్‌టాప్ తీశాను. డేటాబేస్ మీద అనుమానంతో 40 నిమిషాలు పోయాయి. అసలు కారణం డీఎన్‌ఎస్. షీటులో సర్వీసుల దారులు రాశాం కానీ పేర్లని ఐపీలుగా మార్చే క్యూబ్-డీఎన్‌ఎస్ దారి రాయలేదు. పాత కనెక్షన్లు తెరిచే ఉన్నాయి కాబట్టి మొదటి పావుగంట ఏమీ తెలియలేదు. అవి మూసుకుని కొత్తవి కావాల్సి వచ్చేసరికి పేర్లు దొరకడం మానేశాయి. పోర్టు 53 యూడీపీ, టీసీపీ రెండూ తెరిచాక బాండ్లు వచ్చాయి. అప్పటికి ఎనిమిదిన్నర. రైతులు మూడు గంటలు గేటు దగ్గరే ఉన్నారు.

ఆ రోజు నుంచి మా క్రమం ఇది:

1. రెండు వారాలు గమనించే మోడ్ మాత్రమే. సీలియంలో పాలసీ ఆడిట్ మోడ్ ఉంది, వాడుకోండి.
2. డబ్బుతో, రైతుతో సంబంధం లేని నేమ్‌స్పేస్ ఒకటి ఎంచుకోండి. మేం రిపోర్టులతో మొదలుపెట్టాం.
3. మొదటి పాలసీ డీఎన్‌ఎస్‌ది. నోడ్‌లోకల్ డీఎన్‌ఎస్ క్యాష్ ఉంటే దాని అడ్రసు కూడా కలపండి.
4. లోపలికి వచ్చే దారులు మూయండి. కనీసం మూడు రోజులు ఆగండి.
5. బయటకి వెళ్లే దారులు మూయండి. వెంటనే పాడ్లన్నీ ఒకసారి రీస్టార్ట్ చేయండి. పాత కనెక్షన్లు దాచిన తప్పులు మీరు చూస్తుండగానే బయటపడతాయి.
6. తర్వాతి నేమ్‌స్పేస్.
7. రన్‌టైమ్‌లో ఆపే మోడ్ అన్నిటికన్నా చివర.

మంగళ, బుధవారాల్లో పొద్దున పూట చేయండి. వెనక్కి తీసే కమాండ్ ముందే రాసి, స్టేజింగ్‌లో ఒకసారి నడిపి ఉంచుకోండి.

## 7. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

ఒక గీత వల్ల తెరుచుకునే తలుపు. నెట్‌వర్క్ పాలసీలో నేమ్‌స్పేస్ సెలెక్టర్, పాడ్ సెలెక్టర్ ఒకే అంశం కింద ఉంటే రెండు షరతులూ కలవాలి. రెండో దాని ముందు అడ్డగీత పడితే ఏదో ఒకటి కలిస్తే చాలు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అర్థం మాత్రం పూర్తిగా మారిపోతుంది. ప్రతి పాలసీకీ వెళ్లకూడని పాడ్ నుంచి వెళ్లి చూసే టెస్టు ఒకటి రాయండి.

ఒకవైపే తెరవడం. పంపేవాడికి బయటకి, అందుకునేవాడికి లోపలికి, రెండు పాలసీలూ ఒప్పుకోవాలి.

పర్మిసివ్‌లో వదిలేయడం. ఇస్టియో డిఫాల్ట్‌గా ఎన్‌క్రిప్షన్ లేని ట్రాఫిక్‌ని కూడా రానిస్తుంది. మారేటప్పుడు అది సౌకర్యం. స్ట్రిక్ట్‌కి మారే తేదీ క్యాలెండర్‌లో రాసుకోకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ముగియని జాబులు. సైడ్‌కార్ (అసలు కంటైనర్ పక్కనే మెష్ పెట్టే అదనపు కంటైనర్) పెట్టాక రాత్రి జాబు పని పూర్తిచేసినా పాడ్ ఆగదు, సైడ్‌కార్ నడుస్తూనే ఉంటుంది. కుబర్నెటిస్ 1.29 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉన్న నేటివ్ సైడ్‌కార్ సౌకర్యం వాడితే తీరుతుంది.

వెబ్‌హుక్ తాళం. గేటు తనిఖీ సాఫ్ట్‌వేర్ పడిపోతే అన్నీ తిరస్కరించేలా పెట్టి, క్యూబ్-సిస్టమ్‌నీ (కుబర్నెటిస్ సొంత పాడ్లుండే నేమ్‌స్పేస్) ఆ సాఫ్ట్‌వేర్ నేమ్‌స్పేస్‌నీ మినహాయించకపోతే ఆ సాఫ్ట్‌వేర్ పాడ్‌ని తిరిగి లేపడమే కష్టమవుతుంది. మినహాయింపు ఇచ్చి, కనీసం రెండు మూడు ప్రతులు నడపండి.

అందరికీ క్లస్టర్ అడ్మిన్. ఎవరెవరికి ఉందో జాబితా తీయండి. సంస్థ వదిలి వెళ్లినవాళ్ల పేర్లు, సీఐ టోకెన్లు అందులో తప్పకుండా చూడండి.

## 8. సంతకం పెట్టే రోజు

- ఆరు దాడుల ఫలితాల కాగితం ఫైల్‌లో ఉంది
- 4వ దశ ప్రశ్నల జవాబులు ఒప్పందానికి జతచేశారు
- లాగులు 180 రోజులు ఎక్కడుంటాయో, ఆ ఖర్చు ఎవరిదో తేలింది
- సీజన్‌లో నోడ్లు పెరిగితే బిల్లు ఎలా మారుతుందో అంకెల్లో ఉంది
- సపోర్టు గంటలు మన టైమ్ ప్రకారం, శని, ఆదివారాలతో సహా రాసి ఉన్నాయి
- 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి ఎవరు రాస్తారో, ఆ మనిషి లేకపోతే ఎవరో పేర్లున్నాయి
- సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసేసే పద్ధతి స్టేజింగ్‌లో ఒకసారి చేసి చూశారు

చివరిది చేయకుండా సంతకం పెట్టొద్దు. మేం తీసి చూసినప్పుడు ఒకదాని వెబ్‌హుక్ వెనకే ఉండిపోయింది, కొత్త పాడ్ ఒక్కటీ లేవలేదు. దాన్ని చేత్తో తొలగించాల్సి వచ్చింది. ఆ తొలగించే పద్ధతి ఇప్పుడు మా రన్‌బుక్‌లో మొదటి పేజీలో ఉంది.